గింజ దొడ్డి

చిన్నపుల్లయ్య బార్లీ తూచేటప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. తట్టను కాటా మీద పెట్టి, ముల్లు ఊగడం ఆగేదాకా చూస్తాడు. ఒక గుప్పెడు తీస్తాడు, లేకుంటే ఒక గుప్పెడు పోస్తాడు. ముల్లు సరిగ్గా గీత మీద నిలబడ్డాకే తట్ట నెత్తికెత్తుకుంటాడు. సులైబియాలోని ఆ పశువుల దొడ్డికి వచ్చి ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో తూకం ఒక్క పూట కూడా తప్పలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి మూడు వారాలు దాటిన ఆ రోజు పొద్దున కూడా తప్పలేదు.

దొడ్డికి మధ్యలో ఇనుప గొట్టాల అడ్డం ఉంది. అటు ఇరవై కోడెలు, ఇటు ఇరవై. అన్నీ ఒకే ఓడలో వచ్చినవి, ఒకే ఈడువి. ఎండలు ముదరకముందే మేత డాక్టరు కుక్కుటేశ్వరరావు వాటిని రెండుగా విడదీశాడు. పెద్ద హోటళ్ళకు మాంసం అమ్మాలని దొడ్డి యజమానికి కోరిక. ఏ మేతకు ఎలాంటి మాంసం వస్తుందో తేల్చి చెప్పమని పిఠాపురం నుంచి వచ్చిన ఈ డాక్టరును జీతానికి పెట్టుకున్నాడు. ఒక వైపు కోడెలకు పైపు నీళ్ళతో పెంచిన లూసర్న్ గడ్డి, ఎండుగడ్డి మాత్రమే. రెండో వైపు వాటికి ఆ గడ్డితోపాటు బార్లీ. మొదట గుప్పెడుతో మొదలుపెట్టి, కడుపు చెడకుండా గుప్పెడు గుప్పెడు పెంచుతూ పూటకు రెండు కిలోల దాకా తెచ్చారు. పనివాళ్ళు ఒకదాన్ని గడ్డి దొడ్డి అనీ, రెండోదాన్ని గింజ దొడ్డి అనీ పిలుచుకున్నారు.

గడ్డి ఒక్కటే తిన్న పశువుకు కొవ్వు పసుపు పట్టినట్టు ఉంటుందనీ, కండ ముదురు రంగులో బిరుసుగా, వాసన ఘాటుగా ఉంటుందనీ డాక్టరు చెప్పేవాడు. చివరి వంద రోజులు గింజ పడితే కొవ్వు వెన్నలాగా తెల్లబడుతుంది, కండ మధ్య సన్నటి తెల్లదారాలు పుడతాయి, ముక్క పంటి కింద మెత్తగా తెగుతుంది. పుస్తకంలో బరువులు ఎలా రాయాలో చిన్నపుల్లయ్యకు నేర్పింది కూడా ఆయనే. "పుస్తకంలో నువ్వేమైనా రాసుకోవచ్చయ్యా పుల్లయ్యా, కొవ్వులో రాసింది మాత్రం ఎవడూ చెరపలేడు" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు.

చిన్నపుల్లయ్య ఆ మాంసం ముట్టినవాడు కాదు. గాలివీడు దగ్గర పల్లెలో ఎద్దులతో సేద్యం చేసిన మనిషి. వచ్చిన మొదటి ఏడాది కోత రోజు వస్తే ముఖం తిప్పుకొని గడ్డిమడిలోకి వెళ్ళిపోయేవాడు. తర్వాత తర్వాత అలవాటైపోయింది. కోసేవాడు రాయచోటి అల్లాబకష్. వయసులో పదేళ్ళు పెద్ద. ఇద్దరిదీ ఒకే గది. పుల్లయ్య అడగకుండానే పప్పుకు వేరే గిన్నె పెట్టాడు అల్లాబకష్. ఆ గిన్నె గురించి ఆరేళ్ళలో ఇద్దరి మధ్యా ఒక్క మాట రాలేదు.

దండు దిగిన నాటికి యజమాని కుటుంబంతో లండన్‌లో ఉన్నాడు. ఇక తిరిగి రాలేదు. రెండు వారాలకు డాక్టరు బాగ్దాద్ పోయే కారులో చోటు సంపాదించుకొని, బరువుల పుస్తకం పుల్లయ్య చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పదకొండు మంది పనివాళ్ళలో తొమ్మిది మంది ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలింది వీళ్ళిద్దరే. పాస్‌పోర్టులు యజమాని ఇనప్పెట్టెలో ఉన్నాయి. అది ఒక కారణం. పశువులకు నీళ్ళు ఎవరు పెడతారన్నది రెండో కారణం. ఆ రెండో దాన్ని ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

డాక్టరు పోయిన మర్నాడే ఇరాకీ అధికారి ఒకడు వచ్చాడు. నఖీబ్ అని పిలిచేవాళ్ళు అతన్ని, మన లెక్కలో కెప్టెన్. గడ్డి దొడ్డిలో ఒకటి, గింజ దొడ్డిలో ఒకటి కోయించి, రెండూ కాల్పించుకొని తిన్నాడు. ఆ సాయంత్రమే తీర్పు చెప్పాడు. గడ్డి దొడ్డి సిపాయిలకు, గింజ దొడ్డి అధికారులకు. తాను కబురు పెట్టేదాకా గింజ దొడ్డిలో కోత పెట్టకూడదు. బార్లీ కొట్టు తాళంచెవి పుల్లయ్య చేతిలో పెట్టి, ఇందులో ఒక్క గింజ పక్కకు పోయినా నీ తల పోతుందని గొంతు మీద వేలితో గీత గీసి చూపించాడు.

ఇది జరిగిన వారానికే సంజీవమ్మ వచ్చింది.

ఆమెను తెచ్చింది హారూన్. కడప మనిషి, నలభై దాటినవాడు. దొడ్డి బోరు నుంచి ట్యాంకరులో నీళ్ళు నింపుకొని ఖైతాన్‌లో పనివాళ్ళుండే గదులకు పోస్తుంటాడు. ట్యాంకరు దిగిన మనిషి నల్ల అబాయా వేసుకుంది, కాళ్ళకు మాత్రం మగవాళ్ళ చెప్పులు. తనది లక్కిరెడ్డిపల్లె అని చెప్పింది. ఫర్వానియాలో ఒక ఇంట్లో పనిమనిషి. దండు వచ్చిన మూడో రోజున మామా అని పిలిచే ఇంటి యజమానురాలూ, పిల్లలూ సౌదీకి కార్లెక్కారు. సంజీవమ్మకు కారులో చోటు లేదన్నారు. చెట్లకు నీళ్ళు పొయ్యమని చెప్పి పోయారు. ఇప్పుడు అలాంటి తొమ్మిది మంది ఆడవాళ్ళు ఖైతాన్‌లో ఒకే గదిలో ఉన్నారు.

"బియ్యం అయిపోయి నాలుగు దినాలాయె అన్నా. రొట్టెల కాడ మమ్మల్ని వరసలో నిలబడనీరు. మీకాడ ఎద్దులకేసే బార్లీ ఉండాదంట గదా. ఒక పడి ఇయ్యన్నా."

చిన్నపుల్లయ్య తట్ట నెత్తిన పెట్టుకొనే, అది తన చేతిలో లేదని చెప్పాడు. గింజలన్నీ నఖీబ్ లెక్కలో ఉన్నాయన్నాడు. ఆమె బతిమాలలేదు. సరేనన్నా అని, హారూన్ ట్యాంకరు నింపుకొనేదాకా నీడలో నిలబడతానంది.

అతడు మేత గాడి వెంబడి బార్లీ పోసుకుంటూ పోయాడు. ఇంకొక్క కోడె మిగిలి ఉండగా వెనక్కి తిరిగి చూస్తే, సంజీవమ్మ గాడికి ఇవతల గొంతుక్కూర్చుని ఉంది. కోడెలు మూతితో ఎగదోసినప్పుడు కింద రాలే గింజలను ఏరుతోంది. పేడపొడిలోంచి ఒక్కొక్కటే తీసి, అరచేతిలో ఊది, అబాయా కొంగులో వేసుకుంటోంది. ఒక కోడె మెడ చాచి ఆమె చేతి మీద తడిగా బుస్సుమంది. ఆమె చెయ్యి తుడుచుకొని మళ్ళీ ఏరసాగింది. ముఖంలో ఏడుపూ లేదు, సిగ్గూ లేదు. చెనక్కాయలు పీకేసిన చేన్లో పరిగె ఏరుకుంటున్నట్టు నిమ్మళంగా ఏరుతోంది.

పుల్లయ్య చేతిలో ఇంకో తట్ట ఉంది. ఒక కోడెకు ఒక పూట మేత. ముల్లు మీద నిలబెట్టి తూచింది. దాంతో తొమ్మిది మంది ఒక రోజు గడుపుకుంటారు. ఆ లెక్క చెయ్యడానికి అతడికి కాటా అక్కర్లేకపోయింది. దగ్గరికి పోయి, ఆమె కొంగులో ఉన్నదంతా దులిపించాడు.

"ఏరొద్దమ్మా. అది పేడలో పడింది. కొంగు పట్టు."

తట్టెడు బార్లీ అందులో పోశాడు. ఆ పూట ఒక కోడె ఖాళీ గాడిని నాకింది.

ఆ తర్వాత అది ఒక పనిలాగా సాగింది. ఏ పనైనా అతడి చేతిలో పడితే ఒక పద్ధతికి వస్తుంది, ఇదీ అంతే. మూడు రోజులకొకసారి హారూన్ వస్తాడు. ట్యాంకరు పక్కన గొట్టాలు పెట్టుకొనే పెట్టెలో ఒక మూట సర్దుతాడు. ఖైతాన్‌లో మూతపడిన మసాలా దుకాణంలో కారం పట్టే మర ఒకటి ఉంది. దాని తాళం ఎలాగో సంపాదించి బార్లీ అందులోనే పిండి పట్టారు. ఎంత కడిగినా ఆ మరకు కారం వదల్లేదు. రొట్టె తింటే నోరు మండిపోతోందనీ, అయినా ఎవరూ వద్దనడం లేదనీ హారూన్ చెప్పేవాడు. మొదట తొమ్మిది మంది. తర్వాత ఆ మేడలోనే చిక్కుకుపోయిన బంగ్లాదేశ్ కూలీలు. ఆ తర్వాత పక్క వీధి పిల్లల తల్లులు. మూట పెద్దదవుతూ వచ్చింది.

ఎలా పెంచాడో అలాగే తగ్గించాడు పుల్లయ్య. రోజుకొక గుప్పెడు. కోడెలకు తెలియకుండా ఉంటుందా? గాడి దగ్గర నిలబడి అతడి వైపే చూసేవి. అడుగున నాకి నాకి సిమెంటు నున్నగా చేశాయి. పైన చారెడు చల్లి, కింద తరిగిన లూసర్న్ మరింత వేసేవాడు. పది రోజులకు ఆ చారెడు కూడా పోయింది. గింజ దొడ్డి పేరుకే గింజ దొడ్డి అయింది.

ఖాళీ అయిన సంచుల్లో ఎండుగడ్డి పొట్టు కూరి, దబ్బనంతో మూతులు కుట్టి, కొట్టులో ముందు వరసలో పేర్చేవాడు. నఖీబ్ వారానికొకసారి వచ్చి తలుపు దగ్గరే నిలబడి వరసలు చూసి వెళ్ళిపోయేవాడు. డాక్టరు ఇచ్చిన పుస్తకంలో గింజ అని ఉన్న గడిలో మాత్రం పుల్లయ్య ఏమీ రాయలేదు. వెయ్యని మేతను వేసినట్టు రాయడానికి చెయ్యి రాలేదు. అల్లాబకష్‌కు కూడా ఏమీ చెప్పలేదు. తెలియని మనిషిని ఎవడేం చేస్తాడు అనుకున్నాడు.

అక్టోబరు మొదటి వారంలో ఒక గురువారం నఖీబ్ కబురు పంపాడు. బస్రా నుంచి పెద్ద అధికారి వస్తున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం విందు. గింజ దొడ్డిలో మేలైన కోడెను కోసి ఉంచాలి, కోత తానే వచ్చి చూస్తాడు.

కోడెను ఎంచడానికి అల్లాబకష్ దొడ్డిలోకి దిగాడు. కంటితో ఎంచే మనిషి కాదు. అరచెయ్యి పక్కటెముకల మీద పెట్టి నొక్కుతాడు, తోక మొదట్లో వేళ్ళు దూర్చి పట్టుకుంటాడు. నాలుగు కోడెలను అలా చూశాక చెయ్యి ఆగింది. మిగతావాటిని ముట్టుకోలేదు.

"ఇవి గింజ తింటాండే గొడ్లు కాదు పుల్లయ్యా."

పుల్లయ్య గొట్టం మీద చేతులు ఆన్చి అంతా చెప్పాడు. సంజీవమ్మ పరిగె ఏరడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, పొట్టు సంచుల దాకా. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

అల్లాబకష్ బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. "ఎన్ని దినాలాయె గింజ నిలబెట్టి?"

"నెల దాటింది."

"నాకు చెప్పలేదే."

"చెప్తే నీ మెడకు గూడా చుట్టుకుంటాదని చెప్పలే బకషన్నా."

అల్లాబకష్ కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "కోసేది నేను గదప్పా. కొవ్వు రంగు ఫస్టు కనపడేది నా కత్తి కింద. చుట్టుకునేది ఫస్టు నాకే."

పుల్లయ్య ఆ సంగతి అంతవరకూ ఆలోచించలేదు. తూకం ఎక్కడా తప్పలేదనుకున్నాడు. ఇక్కడ తప్పింది. నేను పోయి నఖీబ్‌తో చెప్పేస్తానన్నాడు. అల్లాబకష్ కసురుకోలేదు. అలసిపోయిన గొంతుతో, చెప్పి ఏం సాధిస్తావు, రేపటి దాకా నోరు మూసుకొని ఉండు అన్నాడు. మందలో మిగతావాటిని తోసి మేత తినే పొగరుబోతు కోడె ఒకటుంది. కాస్తో కూస్తో కండ నిలిచింది దానికే. దాన్ని విడిగా కట్టేసి నీళ్ళు పెట్టారు.

మర్నాడు పొద్దున్నే కోత. బెదిరిన పశువు మాంసం నల్లబడి ఎండిపోతుందని అల్లాబకష్ ఎప్పుడూ తొందరపెట్టడు. ఆ రోజు కూడా కోడె గంగడోలు నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. దాని ఊపిరి నెమ్మదించాక అల్లా పేరు చెప్పి కత్తి పెట్టాడు. అప్పటికే నఖీబ్ జీపు దిగి గోడవార నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు. పుల్లయ్య ఆ రోజు గడ్డిమడిలోకి పోలేదు. నీళ్ళ గొట్టం పట్టుకొని అక్కడే ఉన్నాడు.

తోలు ఒలిచేకొద్దీ లోపలి రంగు బయటపడింది. వీపు మీద పల్చటి పొర, పసుపు కలిపిన వెన్నలాగా ఉంది. గుర్దాల చుట్టూ ఉన్న కొవ్వు ఇంకా చిక్కటి పసుపు. కండ ముదురు ఎరుపు. డాక్టరు చెప్పిన తెల్లదారాలు ఎక్కడో ఒకటి, వెతికితే తప్ప కనపడవు. నఖీబ్ సిగరెట్టు పారేసి దగ్గరికి వచ్చాడు. బొటనవేలితో కొవ్వు నొక్కి, వేలిని వెలుగులో పెట్టి చూసుకున్నాడు. జబ్బు పశువా అని అడిగాడు. కాదు సయ్యిదీ, శుభ్రమైన పశువు, ఒక్కొక్క దానిది ఒక్కొక్క రంగు అన్నాడు అల్లాబకష్, కత్తి ఆపకుండానే. నఖీబ్ ఇంకేమీ అనలేదు. మాంసం బండికెక్కించమన్నాడు.

ఆ మధ్యాహ్నం ఎంతకీ గడవలేదు. ఇద్దరూ కొట్టు నీడన కూర్చున్నారు. అల్లాబకష్ కత్తులు నూరి, తుడిచి, మళ్ళీ నూరాడు. పారిపోదామన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎక్కడికని పోతారు, రోడ్డు మీద ప్రతి మలుపులోనూ సిపాయిలే. పప్పు గిన్నె పొయ్యి మీద పెట్టారు గానీ తినలేదు. ఎండ వాలే వేళకు జీపు దుమ్ము కనపడింది. అల్లాబకష్ లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

జీపు దిగిన నఖీబ్ ముఖంలో కోపం లేదు. కడుపు నిండిన మనిషిలాగా నెమ్మదిగా నడిచి వచ్చాడు. పెద్ద అధికారి రెండోసారి అడిగి వడ్డించుకున్నాడట. ఆయన పుట్టింది నదుల దిగువన, రెల్లు పెరిగే నీటి ఊళ్ళలో. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆవులు రెల్లు మేసి వచ్చేవట, వాటి కొవ్వు ఇలాగే పసుప్పచ్చగా ఉండేదట. హోటళ్ళలో పెట్టే తెల్ల కొవ్వు తింటే కొవ్వొత్తి నమిలినట్టుంటుందనీ, ఇన్నేళ్ళకు మాంసం తిన్నట్టుందనీ అన్నాడట. దీనికి ఏం మేపుతున్నారో కనుక్కొమ్మన్నాడట.

"ఏం మేపావు?" అని నఖీబ్ పుల్లయ్యను అడిగాడు.

పుల్లయ్యకు వచ్చిన అరబీ తక్కువ. ఆ తక్కువలో అబద్ధానికి మాటలు దొరకలేదు. "గడ్డి, సయ్యిదీ. గడ్డి ఒక్కటే."

నఖీబ్ నవ్వాడు. పెద్ద అధికారి కోసం పుల్లయ్య ముందుచూపుతో ఆ కోడెను విడిగా మేపాడని అనుకున్నాడో, పొరపాటున గడ్డి దొడ్డి కోడెను కోశారనుకున్నాడో తెలియదు. అయితే ఇంకా బార్లీ దండగ ఎందుకు అన్నాడు. ఈ పూట నుంచి అన్నిటికీ గడ్డే. రేపు పొద్దున లారీ వస్తుంది, కొట్టులో ఉన్న బార్లీ సంచులన్నీ ఎక్కించండి, బస్రాకు పోతాయి. ఖలాస్ అని చేతులు దులుపుకొని జీపెక్కాడు.

దుమ్ము అణిగేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. తర్వాత కొట్టు తలుపు తీశారు. ముందు వరసలన్నీ పొట్టు. వెనకాల గోడకానుకొని నిజమైన బార్లీ సంచులు ఐదు మిగిలాయి. అల్లాబకష్ ముందు వరసలోని ఒక సంచిని ఒంటి చేత్తో ఎత్తి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"హారూను తెల్లార్తానే నీళ్ళకొస్తాడు గదా. వాని బండెక్కి పో."

"నువ్వు?"

"నేనుంటా. సిపాయిలకు కోసే చెయ్యి కావల్ల, నన్ను చంపుకోరు. గింజలు దొంగిలించి పుల్లయ్య రాత్రికి రాత్రే పారిపోయినాడు, నాకేం తెలీదు అని చెప్తా. నువ్వు ఈడ ఉంటే ఇద్దరం పోతాం. నువ్వు పోతే నేను బతుకుతా."

పుల్లయ్య తలుపు గొళ్ళెం పట్టుకున్నాడు. "ఆరేండ్లు బకషన్నా. ఒక గుప్పెడు అటూ ఇటూ కాలేదు. ఇప్పుడు దొంగ అని చెప్తావా."

"నీ సంగతి నాకు తెలుసు. వాళ్ళకు తెలియబన్లేదు." అల్లాబకష్ వెనక వరస వైపు చెయ్యి చూపించాడు. "ఆ ఐదూ కూడా తీసకపో. దొంగ అన్నాక ఉత్త చేతుల్తో పోతాడా?"

ఆ సాయంత్రం మేత వేసింది అల్లాబకష్. ఏ కోడెకు ఎంత, ఎండుది ముందా పచ్చిది ముందా, బోరు నీళ్ళు ఎంతసేపు చల్లార్చి పెట్టాలి, పొట్ట ఉబ్బరిస్తే ఏ పక్క నొక్కి చూడాలి, ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. పచ్చగడ్డి చేతుల నిండా ఎత్తుకొని గాడి దగ్గరికి పోతే కోడెలు మెడలు వెనక్కి లాక్కున్నాయి. ముప్పై ఏళ్ళు కత్తి పట్టిన చేతులు, వాటికి వాసన తెలుస్తుంది. అతడు గడ్డి కింద పెట్టి, కుళాయి దగ్గరికి పోయి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకున్నాడు. తిరిగి వచ్చాడు. మళ్ళీ బెదిరాయి. మళ్ళీ పోయి కడుక్కున్నాడు. మూడోసారి లూసర్న్‌ను చేతుల మధ్య నలిపి, ఆ రసం ముంజేతులకు పూసుకొని నిలబడ్డాడు. చివరనున్న ఎర్ర కోడె ఒకటి ముందుకొచ్చి, అనుమానంగా ఒక పోచ లాక్కుంది. పుల్లయ్య అడ్డం అవతల నిలబడి చూస్తున్నాడు. సాయం చెయ్యడానికి పోలేదు. రేపటి నుంచి తానుండడు.

తెల్లవారుతుండగా హారూన్ వచ్చాడు. ఐదు సంచుల్లో మూడే పట్టాయి. మిగతా రెంటినీ విప్పి, బార్లీని గుడ్డమూటలుగా చేసి సీటు కింద, గొట్టాల మధ్య దూర్చారు. అల్లాబకష్ పప్పు గిన్నె కడిగి తెచ్చి పుల్లయ్య సంచిలో పెట్టాడు. ఇంటి చిరునామా ఉన్న కాగితం ముక్క ఒకటి ఇచ్చి, మా ఇంటామెకు బాగుండానని చెప్పు, గొడ్లు మేపుకుంటాండానని చెప్పు అన్నాడు. ట్యాంకరు కదిలింది. మలుపు తిరిగేలోగా పుల్లయ్య ఒకసారి వెనక్కి చూశాడు. అల్లాబకష్ అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు. గాడి దగ్గర పని ఉంది.

ఖైతాన్‌లో ఇండియా పోయేవాళ్ళ జాబితాలు రాస్తున్నారు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఫొటో అంటించి ఒక కాగితం ఇస్తున్నారు. బస్సు బస్రా మీదుగా బాగ్దాద్‌కు, అక్కణ్ణుంచి జోర్డాన్‌కు పోతుంది. సంజీవమ్మ గదిలోని ఆడవాళ్ళందరి పేర్లూ ఎక్కాయి. పుల్లయ్య పేరు కూడా ఆమె దగ్గరుండి రాయించింది. బస్సు కోసం రెండు రోజులు ఆగాలి. మేడమెట్ల కింద గోనె పరుచుకొని ఆ రెండు రోజులూ అతడు గోడకానుకొనే కూర్చున్నాడు. ట్యాంకరు చప్పుడు వినిపిస్తే చాలు, లేచి వీధిలోకి పోయేవాడు.

రెండో రోజు మధ్యాహ్నం హారూన్ మళ్ళీ దొడ్డికి పోయి వార్త తెచ్చాడు. లారీ వచ్చిందట. మొదటి సంచిని ఇద్దరు సిపాయిలు పట్టుకొని ఎత్తబోతే అది గాల్లోకి లేచిందట, వాళ్ళు వెనక్కి పడబోయారట. నఖీబ్ సంచులన్నీ పొడిపించి చూశాడు. అల్లాబకష్ చెంపలు వాయించాడు. ఎండలో పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మోకాళ్ళ మీద నిలబెట్టాడు. ఆ తర్వాత సిపాయిల భోజనం సంగతి గుర్తొచ్చింది. కోసేవాడూ మేపేవాడూ ఇద్దరూ అతడొక్కడే మిగిలాడు. లెమ్మని చెప్పి, కొట్టు తాళంచెవి అతడి చేతిలోనే పెట్టి పోయాడు.

"నీ పేరు రోడ్ల మీద సిపాయిలందరికీ రాసిచ్చినారు. బుల్లయ్య, దొంగ అని. వాళ్ళకు మన ప అక్షరం రాదు గదా," అన్నాడు హారూన్. "ఏమీ కాదు లేన్నా. నీ కాగితం మీద ఇంగ్లీషులో వేరే ఉంటాది."

"బకషన్న ఎట్లుండాడు?"

"ఒక చెంప వాచింది. ఎర్ర కోడె చేతిలోంచి తింటాంది అని నీకు చెప్పమన్యాడు."

పుల్లయ్య తల ఊపాడు. ఆ పూట రొట్టె ఇస్తే తిన్నాడు.

మర్నాడు పొద్దున బస్సు నిండిపోయింది. ఆడవాళ్ళను ముందు ఎక్కించి, మూటలు నడవలో సర్దారు. మగవాళ్ళు చాలామంది నిలబడ్డారు. సంజీవమ్మ పక్క సీట్లో వేరే మేడ నుంచి వచ్చిన శివపార్వతి అనే ఆమె కూర్చుంది. ఎవరెవరు ఎక్కడివాళ్ళో, ఇన్నాళ్ళూ ఏం తిని బతికారో మాటలు సాగుతున్నాయి. బార్లీ రొట్టెల సంగతి వచ్చింది. పక్క వీధిలో తమకు కూడా రెండు మూడు సార్లు ఆ పిండి వచ్చిందని శివపార్వతి చెప్పింది. ఎవరో పుణ్యాత్ముడు పంపిస్తున్నాడని చెప్పుకున్నారట.

"ఈ అన్నే," అంది సంజీవమ్మ, నడవలో కడ్డీ పట్టుకొని నిలబడిన పుల్లయ్యను చూపిస్తూ. "ఈ అన్నే మాకోసరం యాడనో కొని పంపించినాడు."

ఎందుకలా చెప్పిందో అతడికి అర్థమైంది. నలుగురిలో అతడి పరువు నిలబెట్టాలని చెప్పింది. ఊరుకుంటే సరిపోయేది. చుట్టూ ఉన్నవాళ్ళు అప్పటికే అతడి వైపు తిరిగి చూస్తున్నారు.

"కొన్లేదమ్మా," అన్నాడు చిన్నపుల్లయ్య. "దొంగిలించినా."

శివపార్వతి అతణ్ణి కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా ఒకసారి చూసింది. ఒళ్ళో ఉన్న మూట తీసి కాళ్ళ సందున పెట్టుకొని, సంజీవమ్మను కిటికీ వైపుకు జరగమంది. తానూ జరిగింది.

"కూచో అన్నా. జోర్డాను దాకా నిలబడే పోతావా?"

అతడు కూర్చున్నాడు.